విల్లెం ఐంతోవెన్ చరిత్రము

నేడు ఏ పెద్ద వైద్యశాలకు పోయినను, గుండెలో నొప్పి యని చెప్పుకొనిన రోగికి వైద్యుడు మొట్టమొదట చేయించు పరీక్ష యొకటి కలదు. చేతులకును, కాళ్లకును, రొమ్మునకును చిన్న చిన్న పట్టీలు తగిలింతురు. కొలది నిమిషములలో గళ్ల కాగితముపై మిట్టపల్లములు గల యొక గీత వెలువడును. దానినే జనులు ఈ.సీ.జీ. యందురు. ఆ గీతను జూచి వైద్యుడు గుండె క్షేమమును గ్రహించును. ఇంతగా వాడుకలోనికి వచ్చిన యీ కాగితమునకు మూలపురుషు డెవ్వరో ఎరిగినవారు మాత్రము స్వల్పము. భౌతికశాస్త్రమును వైద్యమును కలిపి నడిపించిన ఆ మహనీయుని చరిత్రము విద్యార్థులెల్లరును తెలిసికొనదగినదని తలచి మే మిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

విల్లెం ఐంతోవెన్ 1860వ సంవత్సరము మే నెల 21వ తేదీన జావా ద్వీపమునందలి సెమరాంగు పట్టణమున జన్మించెను. అప్పుడా ద్వీపము డచ్చివారి యేలుబడిలో నుండెను. తండ్రి జాకబు ఐంతోవెన్ వైద్యుడు. మొదట సైన్యమునందును, పిమ్మట ఆ పట్టణమునందును వైద్యము చేసెను. ఆ దంపతులకు ముగ్గురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. కుమారులలో విల్లెం పెద్దవాడు. ఆరేండ్ల ప్రాయముననే ఆ బాలునకు పితృవియోగము కలిగెను. తల్లి ధైర్యశాలిని. ఆమె నాలుగేండ్లు అచ్చటనే కాలము గడిపి, 1870లో ఆర్గురు బిడ్డలను వెంటబెట్టుకొని సముద్రము దాటి స్వదేశమైన హాలెండు చేరి, ఉట్రెక్టు నగరమున కాపురముండెను. పిల్లల విద్య కెట్టి కొరతయు రానీయక పెంచిన ఆ తల్లి ఋణము ఐంతోవెన్ తరువాతి కీర్తియందు గొప్ప భాగమే యని మేము తలచెదము.

1878లో ఐంతోవెన్ ఉట్రెక్టు విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా ప్రవేశించెను. తండ్రివలె వైద్యుడై జావాకు మరలిపోవలెననియే యాతని సంకల్పము. ఈయన పుస్తకముల నడుమనే ముడుచుకొని కూర్చుండు విద్యార్థి కాడు. వ్యాయామమునకును ఖడ్గవిద్యకును ఏర్పడిన విద్యార్థి సంఘమున కధ్యక్షుడు. అచ్చటి విద్యార్థుల పడవల సంఘమును స్థాపించినవారిలో నొకడు. ఒకనాడు క్రిందపడి మణికట్టు విరుగగా, కట్టుతో నింట నుండవలసివచ్చెను. మరియొకడైనచో తన దురదృష్టమును తిట్టుకొనుచు కాలము పుచ్చెడివాడు. ఈయన మాత్రము అరచేయి వెల్లకిల త్రిప్పునప్పుడును, బోరగిల త్రిప్పునప్పుడును మోచేతియందును భుజమునందును కీళ్లెట్లు మెదలునో పరిశీలించి, ఆ విషయమై యొక వ్యాసము ప్రకటించెను. విరిగిన చేయియే యాతనికి పాఠ్యపుస్తక మయ్యెను.

1885లో ఈయన డాక్టరు పట్టమునకై సమర్పించిన గ్రంథము దృష్టినిగూర్చినది. ఒకే కాగితముపై నున్న ఎఱ్ఱని యక్షరములును నీలి యక్షరములును కొందరి కన్నులకు వేర్వేరు దూరముల నున్నట్లు తోచుట కేమి కారణమని యందు విచారించెను. ఆ గ్రంథము పండితుల మన్నన పొందెను. ఆ సంవత్సరముననే లైడెను విశ్వవిద్యాలయమువారు ఇరువదియైదేండ్ల యీ యువకుని శరీరధర్మశాస్త్రమునకు ఆచార్యునిగా నియమించిరి. 1886లో ఈయన ఆ పీఠము నధిష్ఠించెను. ఆ యేటనే తన బంధువైన ఫ్రెడరిక్ అను కన్యను వివాహమాడెను. నాటినుండి జీవితాంతము వరకు, అనగా నలుబదియేండ్లకు పైగా, లైడెనే ఈయనకు నివాసము, కార్యక్షేత్రము.

ఇక ఈయన చేసిన మహత్కార్యమును తెలిసికొనుటకు ముందు ఆ కాలమునాటికి లోకమున కెంత తెలిసియుండెనో చెప్పవలెను. కప్పగుండె కొట్టుకొనునప్పుడెల్ల స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టుచున్నదని కొల్లికరు, ముల్లరు అను శాస్త్రజ్ఞులు 1856లో కనుగొనిరి. మనుష్యుని గుండెయందు పుట్టు విద్యుత్తును రొమ్ము కోయకయే, చర్మముపైనుండియే గుర్తింపవచ్చునని 1887లో లండనునందు అగస్టసు వాలరు నిరూపించెను. ఆయన తన పెంపుడు కుక్కయైన జిమ్మీ కాళ్లను ఉప్పునీటి పాత్రలలో నుంచి యీ వింతను సభలలో ప్రదర్శించెడివాడు. 1889లో స్విట్జర్లాండునందలి బాసెలు నగరమున శరీరధర్మశాస్త్రజ్ఞుల ప్రథమ మహాసభ జరిగినప్పుడు వాలరు చేసిన ప్రదర్శనమును చూచినవారిలో ఐంతోవెన్ యొకడు. పలువురకు వినోదమైనది యాతనికి బీజమయ్యెను.

వాలరు ఉపయోగించిన సాధనము లిప్‌మను కనిపెట్టిన కేశనాళికా ఎలక్ట్రోమీటరు. సన్నని గాజునాళమున పాదరసమును, దానిపై నీరు కలిపిన గంధకికామ్లమును పోయుదురు. విద్యుద్బలము మారినప్పుడు ఆ రెండు ద్రవముల సరిహద్దు కొంచెము పైకిని క్రిందికిని కదలును. ఆ కదలిక నీడను నడచుచున్న ఛాయాగ్రాహక ఫలకముపై పడునట్లు చేసినచో నొక వక్రరేఖ యేర్పడును. అయితే ఇందొక గొప్ప లోపము కలదు. పాదరసము మందగామి. గుండె విద్యుత్తు రెప్పపాటులో నెగసి పడును. పాదరసమో దానివెంట పరుగెత్తలేక వెనుకబడును. కావున నిజమునకు వాడియైన శిఖరము ఫలకముపై మొద్దుగా కనబడును; చిన్న చిన్న పల్లములు మాసిపోవును. ఆ గీత గుండెను కొంతయు, పాదరసమును కొంతయు తెలుపునదే గాని శుద్ధమైన గుండెవ్రాత గాదు.

ఇచట ఐంతోవెన్ బుద్ధివిశేషము గమనింపదగినది. పరికరము అబద్ధ మాడుచున్నను, అది యే విధముగా అబద్ధ మాడుచున్నదో తెలిసినచో నిజమును రాబట్టవచ్చునని ఈయన గ్రహించెను. తెలిసిన విద్యుద్బలము నొక్కసారిగా తగిలించి, పాదరసము ఎంత వేగముతో నెంతదూరము పోవునో కొలిచెను. పిమ్మట రోగి గీతయందలి ప్రతిబిందువు వద్దను దాని యెత్తును మాత్రమేగాక దాని వాలునుగూడ లెక్కకు తెచ్చి, ఆ క్షణమున నుండిన నిజమైన విద్యుద్బలమును గణితముచే సాధించెను. ఇట్లు దిద్దిన గీత మొదటిదానికంటె మిక్కిలి భిన్నముగా నుండెను. దిద్దని గీతయందలి తరంగములకు ఏ, బీ, సీ, డీ యని పేర్లుండుటచే, దిద్దినవాటికి పీ, క్యూ, ఆర్, ఎస్, టీ యని 1895లో వేరు పేర్లు పెట్టెను. నేటికిని భూమండలమున వైద్యవిద్యార్థులెల్లరు వల్లించునవి ఆ యైదక్షరములే. పీ యనునది గుండె మీది గదుల స్పందనమునకును, క్యూ ఆర్ ఎస్ లు క్రింది గదుల స్పందనమునకును, టీ యనునది ఆ క్రింది గదులు మరల విశ్రాంతి పొందుటకును గుర్తులు.

మరియొకడైనచో ఇంతటితో తృప్తి పడియుండును. కాని ఒక్కొక్క గుండెకొట్టును దిద్దుటకు గంటలకొలది లెక్కలు చేయవలసివచ్చుచుండగా, రోగి మంచముప్రక్కన ఈ విద్య యేమి యక్కరకు వచ్చును? తప్పు చెప్పిన సాక్షిని తరువాత దిద్దుటకంటె, మొదటినుండియు నిజము చెప్పు సాక్షిని వెదకుట మేలని ఐంతోవెన్ నిశ్చయించెను. గణితమును, భౌతికశాస్త్రమును తానే స్వయముగా చదివి, కొన్నియేండ్లు శ్రమించి, 1901లో తంతు గాల్వనోమీటరు అను క్రొత్త పరికరమును లోకమునకు వెల్లడించెను. సముద్రపు తంతివార్తల నందుకొనుటకై ఫ్రాన్సు దేశీయుడైన ఆదేరు 1897లోనే తీగెతో నిట్టిదానిని చేసియుండెను. అయితే గుండె సున్నితపు విద్యుత్తును కొలుచునట్టి సాధనమును నిర్మించినవాడు ఐంతోవెనే.

దాని మర్మము వినుటకు సులభము, చేయుటకు దుర్ఘటము. బలమైన విద్యుదయస్కాంతపు రెండు ధ్రువముల నడుమ మిక్కిలి సన్నని దారము నొకదానిని బిగియగట్టవలెను. ఆ దారముగుండ విద్యుత్ప్రవాహము పోవునప్పుడు అయస్కాంతబలముచే నది ప్రక్కకు తొలగును. ప్రవాహ మెంత హెచ్చైన తొలగుట యంత హెచ్చు. దారము తేలికయైనదగుటచే పాదరసమువలె వెనుకబడదు. ఐంతోవెన్ ఇందుకై స్ఫటికశిలను కరగించి తీసిన దారమును గ్రహించెను. అట్టి దారము తీయుటకు బాయిస్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు చెప్పిన ఉపాయము చిత్రమైనది: కరగిన స్ఫటికమునకు బాణ మొకటి తగిలించి వింటితో విడిచినచో, ఆ వేగమునకు కంటికి కానరానంత సన్నని పోగు సాగును. స్ఫటికము విద్యుత్తును పోనీయదు గనుక ఆ పోగుపై వెండి పూత పూయవలెను. పిమ్మట ప్రకాశవంతమైన దీపపు కాంతిని దానిపై ప్రసరింపజేసి, సూక్ష్మదర్శినితో దాని నీడను కొన్నివందల రెట్లు పెద్దదిగా చేసి, నడచుచున్న ఛాయాగ్రాహక ఫలకముపై పట్టుదురు.

ఇంత సన్నని పోగునకు తోడైన యంత్రము మాత్రము కొండంత. దాని బరువు సుమారు 270 కిలోగ్రాములు. అది రెండు గదులు నిండియుండెను. నడపుటకు ఐదుగురు మనుష్యులు కావలెను. వేడెక్కు అయస్కాంతములను చల్లార్చుటకు ఎల్లప్పుడు నీరు పారవలెను. రోగి రెండుచేతులను ఎడమపాదమును ఉప్పునీటి పాత్రలలో నుంచి కూర్చుండెడివాడు. ఆ యంత్రము వ్రాసిన గీతను ఐంతోవెన్ తాను పూర్వము గణితముచే సాధించిన గీతతో పోల్చి చూచెను. రెండును సరిపోయెను. లెక్క నిజమని దారము చెప్పెను. దారము నిజమని లెక్క చెప్పెను.

మరియొక దూరదృష్టిగల పని ఈయన చేసెను. విద్యుద్బలము ఒక మిల్లీవోల్టైనచో గీత ఒక సెంటిమీటరు లేవవలెననియు, ఫలకము సెకనుకు 25 మిల్లీమీటర్లు నడవవలెననియు కొలతలను స్థిరపరచెను. ఈ కట్టుబాటువలన లైడెనులో తీసిన గీతను లండనులోని వైద్యుడు చదువగల్గెను. నేటి గళ్ల కాగితమున నున్నవియు ఆ కొలతలే.

యంత్రమును కదల్పరాదు, రోగులో వైద్యశాలను విడిచి రాలేరు. ఈ చిక్కునకు ఐంతోవెన్ చూపిన దారి చూడుడు. వైద్యశాలకును తన ప్రయోగశాలకును నడుమనున్న సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరమును టెలిఫోను తీగెతో కలిపెను. 1905 మార్చి 22వ తేదీన వైద్యశాలలోని మనుష్యుని గుండె పుట్టించిన విద్యుత్తు ఆ తీగెవెంట వచ్చి ప్రయోగశాలలోని దారమును కదల్చెను. దూరమునుండి గుండెను చూచు విద్య కదియే నాంది. 1906లో ప్రకటించిన వ్యాసమున గుండెజబ్బులవలన గీత యే యే విధముల మారునో అనేక దృష్టాంతములతో చూపెను.

ఈ యంత్రమును పదిమందికి అందజేయుటకు మొదట మ్యూనిచ్చి నగరమున ఎడెల్‌మను అను పరికరనిర్మాతతో నొడంబడిక జరిగెను గాని, లాభభాగ విషయమున భేదములు పుట్టుటచే అది నిలువలేదు. పిమ్మట ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి పరికరసంస్థవారు పూనుకొనిరి. దానికి నాయకుడు ప్రసిద్ధ ప్రకృతిశాస్త్రజ్ఞుడైన చార్లెసు డార్విను కుమారుడగు హొరేసు డార్విను. వారు యంత్రమును చాల చిన్నదిగా చేసి, 1908 మొదలు వైద్యులకందించిరి. లండను వైద్యుడైన తామసు లూయిసు దానితో క్రమము తప్పిన గుండెకొట్టుల రహస్యములను విప్పి చెప్పెను. 1911 నాటికిగూడ వాలరు ఈ విద్య వైద్యశాలలలో విరివిగా నుపయోగపడునని నమ్మలేదు. విత్తిన చేయియే చెట్టును ఊహింపలేకపోయినది. ఐంతోవెన్ మాత్రము ఇతరుల కృషిని ఎన్నడును మరుగుపరచలేదు. లూయిసు చేసిన సేవను బహిరంగముగా కొనియాడెను.

1913లో ఈయన తన సహచరులతో ప్రకటించిన త్రిభుజసిద్ధాంతము క్షేత్రగణితము చదువు మన విద్యార్థులకు రుచించునట్టిది. కుడిచేయి, ఎడమచేయి, ఎడమకాలు అను మూడింటిని సమబాహు త్రిభుజపు మూడు శీర్షములుగాను, గుండెను దాని మధ్యబిందువుగాను భావించెను. రెండు చేతుల నడుమ కొలచినది మొదటి జోడు. కుడిచేయికిని కాలికిని నడుమ రెండవది. ఎడమచేయికిని కాలికిని నడుమ మూడవది. ఏ క్షణమున చూచినను మొదటిదానిని మూడవదానిని కూడినచో రెండవది రావలెను. రాకున్నచో తీగె లెక్కడనో తప్పుగా తగిలించిరన్నమాట. మూడు కొలతలనుబట్టి గుండె విద్యుత్తు ఏ దిక్కునకు ప్రవహించుచున్నదో కూడ లెక్కింపవచ్చును.

1924వ సంవత్సరపు వైద్య నోబెలు బహుమానము ఐంతోవెనున కీయబడెను. అప్పు డాయన అమెరికాలో ఉపన్యాసములిచ్చుచు సంచరించుచుండెను. ఈ బహుమానమునుగూర్చి యొక వృత్తాంతము పరంపరగా చెప్పుకొందురు. పరికరనిర్మాణమున చిరకాలము తోడ్పడిన తన పనివాడు అప్పటికే మరణించియుండగా, వాని యక్కచెల్లెండ్రు బీదరికమున నున్నారని విని, ఐంతోవెన్ వారిని వెదకి ధనమున సగభాగ మిచ్చెనట. ఈయన కుమారుడగు విల్లెం ఇంజనీరై, గాలి తీసివేసిన పేటికలో దారము నుంచి, నిస్తంత్రీ వార్తల నందుకొనుటకు దాని నుపయోగించు పద్ధతిని వృద్ధిచేసెను. 1927 సెప్టెంబరు నెలాఖరున దీర్ఘవ్యాధిచే ఐంతోవెన్ లైడెనున దివంగతుడయ్యెను. ఆయన సమాధి దాపుననున్న ఊగ్స్ట్‌గీస్టు గ్రామమున నున్నది.

ఆయన దారము నేడు వాడుకలో లేదు. దాని స్థానమును విద్యుత్పరికరములు ఆక్రమించినవి. నేడు గుండెవ్రాతను అంకెలుగా మార్చి దాచుచున్నారు. దీనినే డిజిటల్ పద్ధతి యందురు. అమెరికాలో బోస్టను నగరపు బెత్ ఇజ్రాయిలు వైద్యశాలవారును, మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థవారును కలిసి, 1975 మొదలు 1979 వరకు తీసిన గుండెవ్రాతలనుండి 48 ఎన్నుకొని, ఒక్కొక్కటి అరగంటసేపటిది, 1980 మొదలు పరిశోధకుల కందించిరి. అందు సెకనుకు 360 మారులు కొలత తీసి, ఒక మిల్లీవోల్టును 200 మెట్లుగా విభజించిరి. నిమిషమునకు 72 మారులు కొట్టుకొను గుండెయైనచో ఒక్కొక్క కొట్టు 300 అంకెలగును. ప్రతికొట్టును నిపుణులైన వైద్యులు పరీక్షించి యది యెట్టిదో గుర్తు వ్రాసిరి.

ఇచట నొక ప్రశ్న పుట్టును. రోగి ప్రక్కనుండి గుండెను కనిపెట్టు యంత్రము సరిగా పనిచేయుచున్నదో లేదో యెట్లు పరీక్షింపవలెను? దానికి తెలిసిన గుండె నొకదానిని తగిలింపవలెను. కాని ఆ యంత్రము అంకెలను గ్రహింపదు, విద్యుత్తునే గ్రహించును. కావున అంకెలను మరల విద్యుత్తుగా, అనగా డిజిటల్‌నుండి అనలాగ్‌గా, మార్పవలెను. ఆ పని చేయు సాధనము ఒక్కొక్క అంకెకు తగిన విద్యుద్బలమును పుట్టించి, మరుసటి అంకె వచ్చువరకు దానిని నిలిపియుంచును. అందువలన గీత మెట్లమెట్లుగా వచ్చును. వడపోత సాధనముచే దానిని నునుపు చేయవలెను. ఆ బలము వోల్టులలో నుండును, గుండెదో మిల్లీవోల్టులలోనిది. కావున నిరోధకములచే దానిని సుమారు వేయవవంతునకు తగ్గించి, పిమ్మటనే యంత్రమునకు తగిలింపవలెను.

ఇందును ఐంతోవెన్ నేర్పిన జాగ్రత్తలే శరణ్యము. సెకనుకు 360 చొప్పున తీసిన అంకెలను 250 చొప్పున వెలువరించినచో, 72 మారులు కొట్టిన గుండె 50 మారులే కొట్టినట్లు కనబడి, ఆరోగ్యవంతుడు రోగిగా తోచును. మెట్టుకు విలువ తప్పుగా నిర్ణయించినచో చిన్న శిఖరము పెద్దదగును. రెండు కొలతల నడుమ మెరసి మాయమైన దానిని మాత్రము ఏ యంత్రమును తిరిగి తేలేదు. అందుచేతనే పనివారు ముందుగా ఒక మిల్లీవోల్టునకు ఒక సెంటిమీటరు వచ్చుచున్నదో లేదో చూచుకొందురు. లైడెనులో నేర్పరచిన కొలత అంకెల కాలమునందును ధర్మాసనముపై కూర్చుండియున్నది.

విద్యార్థులారా, ఐంతోవెన్ సంపదలో పుట్టినవాడు గాడు, తండ్రిలేని బాలుడు. తనకు రాని గణితమును ఆచార్యుడైన పిమ్మటగూడ సిగ్గుపడక నేర్చుకొనెను. పరికరము చూపినదానిని గ్రుడ్డిగా నమ్మలేదు. నమ్మదగనిదని పారవేయనును లేదు. దాని లోపమును కొలిచి, ఆ లోపము దాటి నిజమును చేరెను. మీరు ప్రయోగశాలలో త్రాసును గాని ఉష్ణమాపకమును గాని చేత పట్టినప్పుడు, అది చూపు అంకెలో వస్తువు పాలెంత, పరికరపు పాలెంత యని యొక్క నిమిష మాలోచింపుడు. ఆ యొక్క నిమిషపు ఆలోచనయే లైడెను ఆచార్యుని చేతిలో కోట్లకొలది రోగుల ప్రాణరక్షణమునకు దారి యయ్యెను.